అంగ్విల్లాలో మూడు రాత్రులు: ఏసీ బిల్లు, ఎలక్షన్ హారన్లు

ముందే చెప్తున్నాను, కరీబియన్‌లో బ్రిటన్ కింద ఉన్న చిన్న దీవి అంగ్విల్లాలో గది బుక్ చేసేటప్పుడు ఏసీ కరెంటు అద్దెలో కలిసే ఉందో లేదో అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. మేం అడగలేదు. రాత్రికి 140 డాలర్లన్నారు, మూడు రాత్రులకి 420 అనుకున్నాం. ఖాళీ చేసే రోజు చేతికొచ్చిన బిల్లు 561. ఏసీకి రోజుకి 15, సర్వీస్ ఛార్జీ 63, గది శుభ్రం చేసినందుకు 33. ఆ శుభ్రం ఎలాంటిదంటే, ముందు దిగినవాళ్ల తువ్వాలు ఇసుకతో సహా బాత్రూం తలుపు వెనకే వేలాడుతోంది. అడిగితే "ఎలక్షన్ల హడావిడి, పనివాళ్లు రాలేదు" అన్నాడు ఓనరు. రాని పనివాళ్లకి 33 డాలర్లెందుకో చెప్పలేదు.

పక్క దీవి సెయింట్ మార్టిన్‌లోని మారిగో నుంచి ఫెర్రీలో వచ్చాం. షోల్ బే బీచ్ ఫొటోల్లో ఉన్నట్టే ఉంది.

ఎలక్షన్ల మాట మాత్రం నిజమే. 2025 ఫిబ్రవరి 26న పోలింగ్, సరిగ్గా మా మూడో రోజు. జనాభా పదహారు వేల లోపు, అంటే మన దగ్గర ఓ మేజర్ పంచాయతీ. దానికి అసెంబ్లీలో 11 మంది ఎన్నికైన సభ్యులు, మన ముఖ్యమంత్రి లాంటి ఒక ప్రీమియర్, పైన లండన్ పంపే గవర్నర్. ఆ 11 మందిలో ఏడుగురు నియోజకవర్గాల నుంచి, నలుగురు దీవి మొత్తం మీద.

టాక్సీ డ్రైవరు దారంతా ‘డాట్ ఏఐ’ డబ్బు గురించే వాదించాడు. వెబ్‌సైట్ల చివర వచ్చే ఆ రెండక్షరాలు ఈ దీవివి. ఆ పేర్లు తీసుకునేవాళ్లు కట్టే ఫీజుల మీద 2023లో దాదాపు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి. మావారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "అందులో నావి కూడా ఉన్నాయోయ్" అన్నారు. తన సైట్ పేరుకి రెండేళ్లకి దాదాపు 140 కట్టారట, మా గది ఒక రాత్రి అద్దె! ఆ విషయం నాకు అప్పుడే తెలిసింది.

తిండికి హోటళ్ల జోలికెళ్లకండి. రాజధాని ద వ్యాలీలో రోడ్డు పక్క బండి దగ్గర కాల్చిన చేప, అన్నం, వేడి జానీ కేకులు, మనిషికి 15 డాలర్లు. జానీ కేక్ అంటే మందంగా వేయించిన పిండి రొట్టె, పైన కరకర, లోపల మెత్తన. మూడు రోజులుగా మూతి ముడుచుకున్న అత్తయ్య అక్కడే మొదటిసారి నవ్వారు. "ఓటుకెంత ఇస్తారో అడుగు" అన్నారు. నేను సిగ్గుపడుతూనే అడిగాను. బండావిడ పగలబడి నవ్వి, అత్తయ్య ప్లేట్లో ఇంకో జానీ కేక్ వేసింది.

ఆ రాత్రి ఫలితాలు. ప్రతిపక్షం యునైటెడ్ ఫ్రంట్‌కి 8 సీట్లు, అప్పటిదాకా ప్రీమియర్‌గా ఉన్న ఎల్లిస్ వెబ్‌స్టర్ పార్టీకి 3. గెలిచిన పార్టీ నాయకురాలు కోరా రిచర్డ్‌సన్-హాడ్జ్ తొలి మహిళా ప్రీమియర్. కిటికీ కింద ఒకటే కార్ల హారన్లు. తలుపులన్నీ బిగించి, ఏసీ పెంచి పడుకున్నాం. ఆ ఒక్క రాత్రి 15 డాలర్లు గిట్టుబాటయ్యాయనే అనుకోవాలి.