ఒయితా యాత్ర: ఒక గవర్నరు ఆలోచన పుట్టిన ఊళ్లు

మన దగ్గర ‘ఒక జిల్లా – ఒక ఉత్పత్తి’ అనే మాట వినని వాళ్లు ఉండరు. ఇలాంటి ఆలోచనను ముందుగా ఉద్యమంగా నడిపించింది జపాన్‌లోని ఒయితా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) గవర్నరు హిరమత్సు మోరిహికో. ఒయితా ఉన్న క్యూషు దీవికి వెళ్లినప్పుడు ఆయన పని మిగిలిన ఊళ్లే చూడాలనుకున్నాను.

ఆయన ఒయితాలోనే పుట్టారు. టోక్యోలో పరిశ్రమల శాఖ అధికారిగా పనిచేసి, 1975లో ఉప గవర్నరుగా సొంత ప్రాంతానికి వచ్చారు. అక్కడ గవర్నరు కేంద్రం నియమించే మనిషి కాదు, జనం ఓట్లతో గెలవాలి. 1979లో గెలిచిన ఆయన 2003 దాకా, వరుసగా ఆరు సార్లు ఆ పదవిలో ఉన్నారు. గెలిచిన ఏడాదే ‘ఒక ఊరు – ఒక ఉత్పత్తి’ మొదలుపెట్టారు. ఊళ్లకు నేరుగా డబ్బు పంచలేదు. ఏం పండించాలో, ఏం తయారు చేయాలో ఊరివాళ్లే తేల్చుకోవాలి. పరిశోధన, శిక్షణ, అమ్మకాల్లో మాత్రం ప్రభుత్వం తోడుంటుంది. 1995లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఓయామా. హితా పట్టణం దగ్గరి కొండ ఊరు. వరి పండించడానికి సరైన చదును నేల లేక, 1961లోనే ఈ రైతులు ఉమే (పుల్లటి జపాన్ పండు), చెస్ట్‌నట్ చెట్ల వైపు మళ్లారు. ‘ఉమే, చెస్ట్‌నట్ నాటి హవాయి వెళదాం’ అన్నది వాళ్ల నినాదం. అంటే హిరమత్సు గవర్నరు కాకముందే ఇక్కడ పని జరుగుతోంది. ఆయన గొప్పతనమంతా దాన్ని గుర్తించి, మిగతా ఊళ్లకు చూపించడంలో ఉందని నాకనిపిస్తుంది. రైతుల సహకార సంఘం నడిపే కొనోహానా గార్టెన్‌లో కూరగాయలు, ఉమే ఊరగాయలు దొరుకుతాయి. పక్కనే రైతు కుటుంబాల ఆడవాళ్లు వండే బఫే ఉంది, కూరగాయల వంటకాలు చాలా ఉంటాయి. ఆ ఉమే పులుపు మన నాలుకకు తేలిగ్గానే అలవాటవుతుంది. హితా నుంచి బస్సులు తక్కువ, కారు అద్దెకు తీసుకోవడం మంచిది.

ఒయితాలోని మరో ఊరు, వేడినీటి బుగ్గల యుఫుయిన్ అందంగానే ఉంది, కానీ మధ్యాహ్నం ఆ అంగళ్ల వీధిలో నడవడానికి చోటుండదు. పెద్ద హోటళ్లు వద్దనుకుని చిన్న సత్రాలనే నిలబెట్టుకున్న ఊరు కాబట్టి గది అద్దెలు ఎక్కువ. మేం దిగిన సత్రంలో శాకాహారం కావాలని ముందే రాసినా, రాత్రి భోజనంలో దాదాపు అన్నిట్లో చేపే. అంత డబ్బు పెట్టి పస్తుండటం బాధనిపించింది. ఉదయాన్నే వెళ్లి కిన్రిన్ చెరువు చూసి వచ్చేస్తే చాలు.

రాత్రి బసకు ఒయితాలోనే ఉన్న బెప్పు పట్టణంలోని కన్నావా ప్రాంతం నా ఎంపిక. వేడినీటి బుగ్గల ఆవిరిలో మనమే వండుకునే సత్రాలున్నాయి. చిలగడదుంప, మొక్కజొన్న, గుమ్మడి ముక్కలు పెడితే కాసేపట్లో ఉడికిపోతాయి, శాకాహారులకు టెన్షన్ లేదు. ఇక్కడి వేడినీటి బుగ్గల్లో అందరి ముందు బట్టల్లేకుండా స్నానానికి సంకోచించే కుటుంబాలు, విడిగా అద్దెకిచ్చే స్నానగదులున్నాయేమో అడిగి చూడండి.

బెప్పు కొండ మీద 2000లో మొదలైన రిత్సుమెయికాన్ ఆసియా పసిఫిక్ విశ్వవిద్యాలయం కూడా హిరమత్సు పట్టుబట్టి తెప్పించినదే. విద్యార్థుల్లో దాదాపు సగం మంది విదేశీయులు. పైనుంచి బెప్పు సముద్రం బాగా కనిపిస్తుంది. వెళ్తే శరత్కాలంలో వెళ్లండి, అప్పుడైతే చెస్ట్‌నట్‌తో పాటు కబోసు నిమ్మ కూడా తాజాగా దొరుకుతుంది.