డ్రాగ్‌స్టర్ మోడల్‌కి మన విజయనగరం బజారు చాలు: మూడు షాపుల రివ్యూ

డ్రాగ్‌స్టర్ అంటే తిన్నగా కొద్ది దూరం మాత్రమే పరుగెత్తే రేసు కారు, నేను కట్టింది దాని చిన్న ప్లాస్టిక్ మోడల్. ముందే చెప్పేస్తాను, కిట్టూ (మోడల్ ముక్కల పెట్టె) జిగురూ ప్రైమరూ (రంగుకి ముందు వేసే పూత) ఆన్‌లైన్‌లో తెప్పించుకోక తప్పదు గాని, ఆ ప్లాస్టిక్ ముక్కల్ని నిజం కారులా చేసే సామానంతా విజయనగరంలోనే దొరుకుతుంది. డీటెయిలింగ్ సెట్లు అని విదేశీ సైట్లలో వేలకి వేలు పోయక్కర్లేదు. నేను సామాను తీసుకున్న మూడు షాపుల గురించే ఇది: వైండింగ్ షాపు, కారు పెయింట్ కలిపే షాపు, రేడియం స్టిక్కర్ల షాపు.

నేను కట్టింది 1/25 కొలతలో 1970ల నాటి వెనక ఇంజిన్ డ్రాగ్‌స్టర్. పాత అచ్చుల్లోంచి మళ్లీ తీసే ఇలాంటి కిట్లు ఏ కంపెనీవైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి, అచ్చు రెండు సగాలు కలిసిన చోట గీతలుంటాయి, క్రోమ్ పూత జిగురుని పట్టనివ్వదు కాబట్టి అతికించే చోట గీకేయాలి, టైర్లు మరీ మెరుస్తుంటాయి కాబట్టి సన్న ఉప్పుకాగితంతో రుద్ది డల్‌గా చెయ్యాలి. అదంతా మామూలే. నాకు ఈ రకం కారే ఎందుకు కావాలంటే దాని వెనకున్న కథ వల్ల. అంతకుముందు దాదాపు అన్ని డ్రాగ్‌స్టర్లలో ఇంజిన్ ముందు, డ్రైవరు దాని వెనక. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ అనే రేసరు కారులో ట్రాన్స్‌మిషన్ పేలిపోయి ఆయన కుడి పాదం కొంత తెగిపోయింది. అందరూ ఆ ఆట మానేస్తారనుకునే చోట ఆయన ఇంజిన్‌ని తన వెనక పెట్టుకుని స్వాంప్ ర్యాట్ 14 అనే కారు కట్టాడు, 1971లో పొమోనాలో వింటర్‌నేషనల్స్ పోటీ గెలిచాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ముందు ఇంజిన్ డ్రాగ్‌స్టర్లు పెద్ద పోటీల్లోంచి మాయమయ్యాయి. అంటే ఈ మోడల్‌లో ఇంజిన్ ఒక అలంకారం కాదు, కారు ఆకారాన్ని మార్చేసిన వస్తువు. పైన బానెట్టు గట్రా ఏమీ ఉండదు, అంతా బయటే, కాబట్టి వైర్లూ పైపులూ లేకుండా వదిలేస్తే ఎంత రంగు వేసినా బొమ్మలాగే ఉంటుంది.

ఇక్కడే గంటస్తంభం దగ్గర సందులో ఉన్న మోటారు వైండింగ్ షాపు. నిజం కారులో ప్లగ్ వైరు (స్పార్క్ ప్లగ్గుకి కరెంటు తీసుకెళ్లేది) మందం సుమారు 8 మి.మీ., దాన్ని 25తో భాగిస్తే 0.32 వస్తుంది. వైండింగ్ వాళ్ల 30 గేజ్ రాగి వైరు 0.315 మి.మీ. ఇంతకన్నా సరిపోయేది ఏ హాబీ షాపులోనూ ఉండదు! చాలామంది ఇంటర్నెట్ కేబుల్ విప్పి లోపలి వైరు వాడేస్తారు గాని అది ఇన్సులేషన్‌తో కలిపి దాదాపు 1 మి.మీ., అంటే నిజం కారు మీద అంగుళం లావు గొట్టం వేసినట్టు. ఇంజిన్ మీద పాములు పాకుతున్నట్టుంటుంది, దయచేసి వాడకండి.

షాపులో పెద్దాయన నా చేతిలో ఇంజిన్ చూసి "ఏటి బాబూ, దీనికి కూడా వైండింగేటి?" అన్నారు, "లేదు బాబాయ్, ప్లగ్ వైర్లు పెట్టాలి" అని విషయం చెప్తే చత్వారం కళ్లజోడు తీసి పెట్టుకుని, రీళ్లలో మిగిలిన ముక్కలు గేజ్ వారీగా కొలిచి మరీ తీసిచ్చారు. వైరు కిలోల్లో అమ్మే షాపు అది, మనకి కావాల్సింది నాలుగైదు మీటర్లు, అయినా విసుక్కోలేదు. డబ్బులు వద్దంటే నేనే బలవంతంగా టీ ఖర్చు ఇచ్చి వచ్చాను. ఇక్కడ ఒక్కటే సమస్య, వైరు రాగి రంగులోనే ఉంటుంది, ప్లగ్ వైరు నల్లగానో ఎర్రగానో ఉండాలి. ముందు రంగేసి తర్వాత వంచితే పెచ్చులూడుతుంది. వంపులన్నీ తిప్పి, కొలత చూసుకుని, అప్పుడు రంగు వెయ్యాలి.

ఈ కార్లలో వాడిన క్రైస్లర్ 426 హెమీ ఇంజిన్‌లో ప్లగ్గులు వాల్వ్ కవర్ల మధ్యలోంచే దిగుతాయి, ఒక్కో కవర్‌కి నాలుగు. చేతితో తిప్పే సన్న డ్రిల్లుతో ఆ నాలుగేసి చోట్లా, మాగ్నెటో (ప్లగ్గులకి కరెంటు పంపే భాగం) మూత మీద చుట్టూ ఎనిమిది చోట్లా కన్నాలు పెట్టుకోవాలి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-8-4-3-6-5-7-2, ఎడమ వైపు బేసి సిలిండర్లు, కుడి వైపు సరి. ఏ వైరు ఎటు పోతే ఏముందిలే అనుకోకండి, క్రమం ప్రకారం వేస్తే వైర్లు నిజం ఇంజిన్‌లో అడ్డం పడే చోటే ఒకదాని మీద ఒకటి అడ్డం పడతాయి, తెలియనివాళ్ల కంటికి కూడా అది "నిజం"గా అనిపిస్తుంది. ఇంధనం పైపులకి మాత్రం ఇంకా లావు గేజ్ తీసుకోండి. పెట్రోలు కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ కార్లలో పోసే నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలు చాలు, కాబట్టి అదే గాలితో ఎనిమిది రెట్లకి పైగా ఇంధనం పోస్తారు. అంత ఇంధనం సన్న పైపులో పోదు కదా.

షాపుకి 5కి 5.

పెయింట్ షాపు రింగ్ రోడ్డు వైపు. కార్లకి డెంటింగ్, పెయింటింగ్ చేసేవాళ్లు వచ్చే చోటు, కంప్యూటర్‌లో కోడ్ చూసి త్రాసు మీద కలిపిస్తారు, 100 మి.లీ. కూడా ఇస్తారు. మోడల్‌కి అది చాలా ఎక్కువే. నేను ముద్ద పసుపు రంగు అడిగాను, మెటాలిక్ వద్దన్నాను, ఎందుకంటే నిజం కారు కోసం చేసిన మెరుపు పొడి 1/25లో ఇసుక రేణువుల్లా కనిపిస్తుంది. రంగు నేను చూపించిన పసుపు కొమ్ముకి దాదాపు సరిగ్గా దించారు, దానికి మెచ్చుకోవాలి. సలహా మాత్రం బాలేదు. "ఎన్‌సీ ప్రైమర్, ఎన్‌సీ థిన్నర్ కొట్టేయండి, ఏమీ కాదు" అన్నారు. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్ రకం, రేకుకి ఏమీ కాదు, మన కిట్టు మాత్రం పాలీస్టైరీన్ ప్లాస్టిక్. భాగాలు అతికి ఉండే ఫ్రేము ముక్క మీద కొట్టి చూస్తే ఎండేసరికి పైన సన్నగా పగుళ్లు. కాబట్టి ప్రైమర్ మాత్రం మోడల్స్ కోసం చేసిందే వాడండి, దాని మీద తెలుపు వెయ్యండి, పసుపు కింది రంగుని సరిగా కప్పదు, ఆ తర్వాతే పసుపు పొగమంచులా పల్చగా, ఆరనిచ్చి ఆరనిచ్చి కొట్టండి. గాలిలో తేమ ఉన్న రోజు వద్దు, మన వైపు వానాకాలంలో రంగు తెల్లబారిపోతుంది. హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపే పీయూ (పాలీయూరిథేన్) రంగైతే మేడ మీదే, కాట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకునే, గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ఈ మాట షాపులో ఎవరూ చెప్పరు, చెప్పాలి. 5కి 3.

ఇప్పుడు అసలైనది, కాంప్లెక్స్ దగ్గర రేడియం షాపు. డ్రాగ్ కార్లకి పేర్లుంటాయి, పక్కన పెద్దగా రాసుకుంటారు. నాది ఎవరి కారుకీ నకలు కాదు, అందుకే "సిరిమాను" అని తెలుగులో పెట్టాలనుకున్నాను. పైడితల్లమ్మ పండగలో సిరిమాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, మొదలు లావుగా ఉండి కొసకి సన్నబడుతూ పోయే ఆ మానుకీ, లావు టైర్లు వెనకా సైకిలు చక్రాల్లాంటివి ముందూ ఉండే డ్రాగ్‌స్టర్‌కీ ఒకటే పోలిక. పసుపు బాడీ, కుంకుమ రంగు అక్షరాలు.

రేడియం స్టిక్కర్ నేరుగా అంటిస్తే బాగోదు. దాని మందం సుమారు 0.08 మి.మీ. అనుకున్నా, నిజం కారు మీద 2 మి.మీ. రేకు అతికించినట్టే. అందుకని అక్షరాలు కోయించి, అక్షరాలు తీసేసి, చుట్టూ మిగిలిన కాగితాన్ని అచ్చులా అంటించి రంగు కొట్టాలి. ఇది చెప్తే షాపులో కుర్రాడు ఎగిరి గంతేశాడు, రోజూ బైకుల మీద పేర్లు కోసే పిల్లాడికి ఇది కొత్త పని. మొదటి ముక్కలో గుడి దగ్గర అడ్డంగా గీత పడింది. అను అనే తెలుగు ఫాంట్లలో అక్షరం ఒక ముక్క, గుడి ఒక ముక్క, రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట మెషిను రెండు గీతలూ కోసేస్తుంది. కోరెల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో రెండిటినీ వెల్డ్ చేసి (ఒకే ఆకారంగా కలిపి) మళ్లీ కోశాడు, అడగకుండానే. సమస్యల్లా ఎత్తు. 5 మి.మీ.లో "రి" లోపలి చిన్న గుండ్రాలు బ్లేడుతో పాటే లేచిపోయాయి, 8కి పెంచితే నిలబడ్డాయి. ఆ గుండ్రాలు చోటు కదలకుండా ఉండాలంటే పైన ట్రాన్స్‌ఫర్ టేప్ వేసి ఇమ్మనండి. రేడియం జిగురు బాగా గట్టిది, కింది పసుపుని లాగేస్తుంది, అందుకని ముందు జీన్స్ ప్యాంటు మీద అంటించి తీసి జిగురు పస తగ్గించాను. కుంకుమ రంగు పచ్చిగా ఉండగానే కాగితం లాగేస్తే అంచు కత్తితో కోసినట్టొచ్చింది, వేలితో తడిమినా మెట్టు తగల్లేదు. కొన్న ఏ డికాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మలు) షీటూ నాకు ఇంత బాగా రాలేదు.

5కి 4.5, ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే సాయంత్రం వెళ్తే బైకుల వాళ్ల రద్దీలో మన చిన్న పనిని చివరికి తోసేస్తారు. పొద్దున్నే వెళ్లండి, పేరు 8 మి.మీ.కి తగ్గకుండా, వెల్డ్ చేసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. వైండింగ్ షాపుకి మాత్రం ఎండాకాలంలో వెళ్లకండి, బోరు మోటార్లు కాలిపోయి బాబాయ్‌కి తల ఎత్తే తీరిక ఉండదు.