ఐదు రూపాయల భోజనం: రుచికి ఢోకా లేదు, నీడే లేదు

జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) పెట్టే ఐదు రూపాయల భోజనం 2014లో మొదలైంది, అప్పుడు అన్నపూర్ణ, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్. పేరేదైనా, పేషెంట్‌తో ఊరి నుంచి వచ్చి ఆసుపత్రి బయట రోజులు గడిపేవాళ్లకి, అడ్డా కూలీలకి, ఒంటరి ముసలివాళ్లకి ఆ పూట గడిచేది దీనివల్లే. రేషన్ కార్డు అడగరు, ఆధార్ అడగరు, ఐదు రూపాయలిస్తే ప్లేట్ చేతికిస్తారు.

నేను తిన్నది ఒక పెద్ద సర్కారు దవాఖాన గేటు పక్కన. అన్నం వేడిగా, పొడిపొడిగా ఉంది, సాంబార్‌లో సొరకాయ ముక్కలు బాగా ఉడికాయి, పచ్చడిలో మాత్రం ఉప్పెక్కువ. నా ముందున్న పెద్దమ్మ సగం తిని మిగతాది స్టీలు డబ్బాలో సర్దుకుంది, లోపల మనవడు ఉన్నాడట, అది చూసి వడ్డించే అబ్బాయి అడక్కుండానే ఇంకో గరిటె సాంబార్ పోశాడు. చాలా సంతోషమనిపించింది.

బాధపెట్టింది నీడ లేకపోవడం. ఎండలో లైన్‌లో నిలబడి, చెయ్యి కడుక్కోవడానికి కుళాయి కూడా లేక, ఫుట్‌పాత్ మీద కూర్చుని తినాలి. ఒంటిగంటన్నరకే అన్నం అయిపోయింది, వెనకున్నవాళ్లు ఉత్త చేతులతో వెళ్లిపోయారు. దవాఖానల దగ్గర ప్లేట్లు పెంచాలి, ఒక షెడ్డు వెయ్యాలి, రాత్రి భోజనం కూడా పెట్టాలి. వెళ్లేవాళ్లు పన్నెండున్నరకల్లా లైన్‌లో ఉండండి.