నందంబాక్కం కంప్యూటర్ షోకి పోండి, ఎస్‌ఎస్‌డీ మాత్రం కొనకండి

తిరుపతి నుంచి నందంబాక్కంలోని చెన్నై ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ షోకి పోవాలంటే పొద్దున ఆరు దాటాక బయలుదేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ మేలు. సెంట్రల్‌లో దిగి గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ఆలందూరు. అంతవరకూ హాయి. అక్కణ్నుంచి ట్రేడ్ సెంటర్‌కు ఉన్న మూడు కిలోమీటర్లకు ఆటోవాడు 200 అడిగి 150కి దిగాడు. ఫోన్లో బుక్ చేసుకుంటే 78. చిత్తూరు వాళ్లకు ఈ రైలు గొడవే వద్దు. రాణిపేట మీదుగా వచ్చే బస్సులో పూనమల్లిలో దిగితే, మౌంట్-పూనమల్లి రోడ్డు మీదే నందంబాక్కం.

ఇక అసలు సంగతి. హాల్ చివర, పెద్ద కంపెనీలకు దూరంగా, రెండు టేబుళ్ల స్టాలు. 2 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ (డేటా దాచుకునే డ్రైవు) ‘షో రేటు’ 1,499. అసలు సరుకు ఆ ధరకు ఎక్కడా రాదు. ఎంత చెప్పినా వెంట వచ్చిన బావమరిది వింటేనా? ‘షో కదా బావా, కంపెనీవాళ్లే తగ్గిస్తారు’ అని రెండు తీసుకున్నాడు. బిల్లు అడిగితే చేతిలో పెట్టింది ఎస్టిమేట్ కాగితం. జీఎస్టీ నంబరు లేదు, సీరియల్ నంబరూ లేదు.

తిరుపతి వచ్చి కేసు విప్పితే లోపల ఒక కార్డ్ రీడరు, అందులో 64 జీబీ మెమరీ కార్డు, బరువుకు అతికించిన ఇనుప ముక్క. లోపలి చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మార్చి 2 టీబీ అని చెప్పిస్తారు, విండోస్ నమ్మేస్తుంది. 64 జీబీ దాటాక రాసిందల్లా పాత డేటా మీద పడుతుంది, లేదా గాల్లో కలుస్తుంది. ఫైలు పేరు, సైజు మాత్రం బుద్ధిగా కనబడతాయి. తెరిస్తే ఏమీ రాదు. మోసం బయటపడేసరికి షో ముగిసి, స్టాలు ఎత్తేసి ఉంటారు.

అక్కడికక్కడే పట్టుకునే దారి ఉంది. ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ఫైలు ఒకటి పెట్టుకుని పోండి. యూఎస్‌బీ 3 పోర్టు నుంచి కాపీ చేస్తే నిజమైన ఎస్‌ఎస్‌డీకి పది పన్నెండు సెకన్లు చాలు. ఈ కార్డు సరుకుకు మూడు నిమిషాల పైనే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో మోడల్, నడిచిన గంటలు వస్తాయేమో చూడండి. మంచి డ్రైవుల్లోనూ కొన్నింటి యూఎస్‌బీ చిప్ ఆ వివరాలు బయటపెట్టదు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పొద్దు. మొత్తం రాసి చదివి చూసే పరీక్షకు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3. 2 టీబీకి గంటలు పడుతుంది కనుక అది ఇంట్లో పని. విండోస్ 1.81 టీబీ అని చూపిస్తే గొడవకు దిగకండి. నిజమైన 2 టీబీ అంతే చూపిస్తుంది.

మరి షోకి పోవడం దేనికంటే, ఇంజినీర్లతో మాట్లాడడానికి. ఒక ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై) స్టాల్లో పీసు విప్పి కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మరు వేలు పెట్టి చూపించి, చవక పీసు లోడు మీద ఎందుకు కాలిపోతుందో ఓపిగ్గా చెప్పారు. అలాంటి చోట అడగాల్సింది ధర కాదు: తిరుపతిలో సర్వీస్ సెంటర్ ఉందా, వారంటీలో పీసు చెన్నైకి మోయాలా, ఆ ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నకు సగం స్టాళ్లలో నీళ్లు నమిలారు. మొదటి రోజు పొద్దున పోతేనే ఇంజినీర్లు దొరుకుతారు; చివరి రోజు సేల్స్ కుర్రాళ్లే.

లోపల కాఫీ 60, అది కాఫీ కాదు. గేటు బయట 90 రూపాయల సాంబారన్నం, అప్పడం ఎన్నో రెట్లు నయం.

రాత్రి ఉండకండి. గిండీ దగ్గర 1,800 అడిగిన గదికి కిటికీ కూడా లేదు. తిరుగు గరుడాద్రి సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే వెళ్లిపోతుంది, షో ముగిసేదాకా ఉంటే అందదు. తిరుపతి బస్సులకు మాధవరం బస్టాండుకు పోవాలి. ఇరవై కిలోమీటర్ల పైమాటే, ఆటోకు 520 అయింది. దారి పొడుగునా బావమరిది నోరు విప్పలేదు.

కొనాలన్న కోరిక ఉంటే సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, గవర్నమెంట్ ఎస్టేట్. అక్కణ్నుంచి కంప్యూటర్ సామాన్ల షాపులుండే రిచీ స్ట్రీట్‌కి పోయి సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు రాయించుకోండి. ఆదివారం మాత్రం వద్దు, ఎక్కువ షాపులు మూసే ఉంటాయి.