ఒక్క జన్యువా, మొత్తం జీనోమా?

భయపడిన ముఖాన్ని చూసినప్పుడు మెదడులో భయం వంటి భావోద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం ఒకరిలో ఎక్కువగా, మరొకరిలో తక్కువగా స్పందించడానికి కారణాన్ని జన్యువుల్లో వెతికేందుకు రెండు మార్గాలున్నాయి: మొదటిది ముందే ఎంచుకున్న ఒక్క జన్యువును పరిశీలించడం, రెండవది జీనోమ్‌ను, అంటే మనిషి జన్యు సమాచారం మొత్తాన్ని, వెతకడం.

ఖర్చు: ఒక్క జన్యువుకు కొన్ని పదుల మంది చాలనుకునేవారు, సెరొటోనిన్ అనే మెదడు రసాయనాన్ని రవాణా చేసే ప్రోటీన్ జన్యువుపై 2002లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో పాల్గొన్నది 28 మందే. జీనోమ్ మొత్తాన్ని జల్లెడ పట్టాలంటే వేలమంది కావాలి.

శ్రమ: కామ్ట్ (COMT) అనే జన్యువు, మెదడు రసాయనమైన డోపమైన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును తయారుచేస్తుంది గనుక, ఆ ఎంజైములో 158వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉన్నవారికీ, మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉన్నవారికీ మధ్య, వరుసగా వచ్చే అంకెలను గుర్తుంచుకునే పరీక్షలో నుదుటి వెనుక మెదడు భాగం పనితీరు ఎలా మారుతుందో మొదటి మార్గంలో నేరుగా అడగవచ్చు. రెండవదానికి ముందస్తు ఊహ అక్కర్లేదు; అయితే లక్షల పరీక్షలు ఒకేసారి జరుగుతాయి కనుక, యాదృచ్ఛికంగా అంతటి తేడా కనిపించే అవకాశం 2 కోట్లలో 1 వంతు కంటే తక్కువైతేనే ఫలితాన్ని అంగీకరిస్తారు.

ప్రమాదం: చిన్న నమూనాలో మెరిసిన తేడా పెద్ద నమూనాలో కరిగిపోవడం మొదటిదానికి పాత జబ్బే, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. రెండవదానిలో ఒక్కో జన్యు తేడా ప్రభావం అతి స్వల్పం.

దేనికి ఏది: ఎంజైము పనితీరు ముందే తెలిసి, దాని ప్రభావాన్ని తగినంత మందిలో పరీక్షించేవారికి మొదటిది తగును, ఏ జన్యువులు ముఖ్యమో ఇంకా తెలియనివారికి రెండవదే దారి.