రెండు రాగి గనులు చూసొచ్చాను, ఒక్కటే చూడాలంటే మాత్రం...

స్వీడన్‌లో ఫాలున్, వేల్స్‌లో గ్రేట్ ఓర్మ్. రెండూ ఎప్పుడో పని ఆగిపోయిన రాగి గనులే, ఒకే ట్రిప్పులో చూశాను.

స్టాక్‌హోమ్ నుంచి ఫాలున్‌కి రైల్లో దాదాపు మూడు గంటలు. హెల్మెట్, రెయిన్‌కోట్ ఇచ్చి గైడ్ వెంట గంటసేపు కిందికి తిప్పుతారు. పైన ఎండ కాస్తున్నా లోపల ఐదారు డిగ్రీలే, పైనుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, స్వెటర్ మర్చిపోతే అంతే సంగతులు (నేను మర్చిపోయాను). గైడ్ బాగా చెప్పింది గానీ ఎక్కడా రెండు నిమిషాలు నిలబడనివ్వలేదు. 1677లో ఈ గనిలో తప్పిపోయిన మాట్స్ అనే కుర్రాడి శవం 1719లో దొరికిందట, మైలుతుత్తం కలిసిన నీళ్లలో ఉండిపోవడంతో అస్సలు కుళ్లలేదు, ఎవరో తెలియక జనం చూస్తుంటే ఒకప్పుడు అతన్ని పెళ్లాడాల్సిన ఆవిడ వచ్చి గుర్తుపట్టింది, అప్పటికి ఆవిడ ముసలిది అయిపోయింది. పైకొచ్చాక పెద్ద గొయ్యి అంచున నిలబడితే కళ్లు తిరుగుతాయి. 1687లో కూలిపోయి ఏర్పడ్డ గొయ్యి అది, ఆ రోజు పండగ సెలవు కాబట్టి ఒక్క ప్రాణం కూడా పోలేదు. మ్యూజియంలో రాగి పలకల డబ్బు తప్పక చూడండి. 1644 నాటి 10 డాలెర్ల (అప్పటి స్వీడన్ డబ్బు) పలక ఒక్కటే దాదాపు 20 కిలోలు, పర్సు కాదు, బండి కావాలి!

ఇక గ్రేట్ ఓర్మ్, సముద్రం ఒడ్డున ఉన్న కొండ ఇది, గని దాని మీదే. దిగువన ఉన్న లాండుడ్నో అనే ఊళ్లో గది తీసుకున్నాను, అక్కడివాళ్లు తలుపు కోడ్ పంపడం మర్చిపోయి ఫోన్ కూడా ఎత్తలేదు, సూట్‌కేస్ మీద కూర్చుని గంటసేపు టెన్షన్. పొద్దున్నే 1902 నాటి ట్రామ్ ఎక్కి సగం దారిలో దిగితే గని దగ్గరే. 1987లో కార్ పార్కింగ్ కోసం చదును చేయబోతే బయటపడ్డ గని ఇది, వయసు దాదాపు 4000 ఏళ్లు. వెంట గైడ్ ఉండడు, మన ఇష్టం వచ్చినంతసేపు ఉండొచ్చు. కొన్ని సొరంగాలు ఎంత ఇరుకంటే చిన్నపిల్లలు తప్ప ఎవరూ పట్టరు, అంటే తవ్వింది వాళ్లే. అప్పట్లో ఇనుము లేదు, ఎముకలతో గీకారు, రాళ్లతో కొట్టారు. ఆ ఎముక ముక్క ఒకటి దగ్గరగా చూశాను, కొస అరిగి నున్నగా, రాగి పట్టి లేత ఆకుపచ్చగా ఉంది.

ఒక్కటే చూడగలిగితే గ్రేట్ ఓర్మ్‌కే వెళ్లండి. చలికాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకుని బుక్ చేసుకోండి.