పందుల వెంట పడ్డా మొరగకుండా: హనుమకొండ శివారు ట్రైనింగ్ సెంటర్‌పై నా మాట

హనుమకొండ శివారులో కుక్కల ట్రైనింగ్ సెంటర్ ఒకటి ఉంది. బోర్డు మీద పేరు కూడా లేదు. 'ట్రైనింగ్, బోర్డింగ్' అని రాసి కింద ఫోన్ నంబర్ వేసుకున్నారు, అంతే. మా కుక్క రాకెట్‌ను ఒక నెల అక్కడ పెట్టాం. పెట్టిన పైసలకు పని అయింది. నచ్చనివి కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

మాది నర్సంపేట అవతల, పాకాల అడవికి దగ్గరి ఊరు. యాసంగిలో మక్క వేస్తాం. కంకి పాలు పోసుకునే వేళకు రాత్రి పందులు దిగుతాయి, పగలు కోతులు దిగుతాయి. రాకెట్ ముధోల్ అనే వేటకుక్క జాతి కలిసిన కుక్క. పొడుగు కాళ్లు, సన్న నడుము. పందిని తరమడంలో దానికి వంక పెట్టలేం. బాధంతా దాని గోలతోనే. మా గట్టు దాటితే వరసకు మామ అయ్యే ఆయన కోళ్లఫారం. బ్రాయిలర్ కోళ్లు రాత్రిపూట బెదిరాయంటే అన్నీ ఒక మూలకు ఉరికి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కింద పడ్డవి ఊపిరాడక చస్తాయి. "నీ చేనుకు కావలి, నా కోళ్లకు చావా కోడలు పిల్లా?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఊళ్లో సలహాలకు కొదవలేదు. ఎద్దుకు కట్టినట్టు మూతికి చిక్కం కట్టమన్నారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. మూతి బిగించి పరిగెత్తిస్తే, మన ఎండల్లో అయితే మరీ, ప్రాణం మీదికి వస్తుంది. వరంగల్‌లో ఒక పెట్‌షాపులో బార్క్ కాలర్ చూపించారు. మెడకు కడితే మొరిగినప్పుడల్లా కరెంటు తగులుతుందట. "పక్క కుక్క మొరిగినా దీనికే తగిలితే?" అని అడిగాను. షాపతను ధర తగ్గిస్తానన్నాడు గానీ నేనడిగిన దానికి జవాబివ్వలేదు. కొనకుండా వచ్చేశాను.

సెంటర్ నడిపే అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. కుక్కను చూడకముందే నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "అక్కా, చేను కావలికా, వేటకా? కుందేళ్లకు, ఉడుములకు అయితే నా దగ్గర పెట్టకుండ్రి." చప్పుడు చేయకుండా తరిమే కుక్క కావాలని వచ్చేవాళ్లలో వేట మనసులో పెట్టుకున్నవాళ్లే ఎక్కువట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడం ఒక్కటే వేట కాదు. తరిమి పట్టడం, ఉచ్చు వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడా అందులోకే వస్తాయి. ఆ అబ్బాయి ఈ మాట బెదిరించినట్టు కాకుండా మామూలుగా, టీ ఇస్తూ చెప్పాడు. కుక్క మా గట్టు దాటకూడదని, అదీ ట్రైనింగ్‌లో భాగమేనని ముందే ఒప్పించుకున్నాడు. ఆ షరతుతోనే నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత పొడుగు తాడుతో గ్రౌండ్‌లో వదిలి, ఒక పాత టవల్ ముక్కను ఈడ్పించి, రాకెట్ ఎప్పుడు మొరుగుతుందో నన్నే గమనించమన్నాడు. నేను ఇన్నాళ్లూ అది పరిగెత్తినంతసేపూ మొరుగుతుందనుకున్నాను. కాదు. పట్టుకుని ఆపినప్పుడు గొంతు చించుకుంటుంది. వదలగానే ఆగిపోతుంది. టవల్ కంచె అవతలికి పోగానే మళ్లీ మొదలు. పరుగు మధ్యలో చప్పుడే లేదు.

దానికి అతను చెప్పిన కారణం ఇది. బీగుల్ లాంటి వాసన పట్టే కుక్కలు పరిగెత్తుతూనే అరుస్తాయి. అవి ఎటు పోతున్నాయో వెనక వచ్చే మనిషికి తెలియాలని తరతరాలుగా అరిచేవాటినే ఎంచి పెంచారు. ముధోల్ కంటితో చూసి ఉరికే జాతి. కళ్ల ముందు కనపడేదాని వెంట పడటానికి అరుపుతో పని లేదు. దీని మొరుగుడంతా అందనప్పటి ఉక్రోషం. కాబట్టి పరుగులో నేర్పేది ఏమీ లేదట, మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి నేర్పాలట. కుక్క మొరుగుడు మాన్పించుకోవడానికి వచ్చినదాన్ని, ఈ పాఠం విన్నాక అక్కడే కూర్చుని చూడాలనిపించింది. (ముధోల్ కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాలోని ఊరు, జాతి పేరు అక్కడిదే. 2005లో తపాలా శాఖ స్టాంపు కూడా వేసిన జాతి. మాది కలిసినదే, అసలుది కాదు. అసలుదని చెప్పి అమ్మేవాళ్లు మాత్రం మన దగ్గర చాలామంది ఉన్నారు.)

మొదటి పాఠానికి వెదురు కర్ర, దానికి తాడు, తాడు కొసకు టవల్ ముక్క. కుక్క మొరిగిందా, టవల్ చచ్చినట్టు నేల మీద పడి ఉంటుంది. నోరు మూసి నిలబడిందా, టవల్ ఉరుకుతుంది, కుక్కనూ వదులుతాడు. బిస్కెట్లు లేవు, కొట్టుడు లేదు. తరమడమే దానికి బహుమతి. రాకెట్ మొదట్లో బాగా మొరిగింది, టవల్ కదల్లేదు, అది అయోమయంగా అతని మొహం చూసింది. ఒక కుక్క ఆలోచించడం నేను కళ్లారా చూసింది అప్పుడే.

అది కుదిరాక పెద్ద పరుగు. పాత స్కూటీ వెనక చక్రానికి నైలాన్ తాడు చుట్టి, కొసకు తెల్ల ప్లాస్టిక్ కవర్ కట్టి మైదానంలో లాగుతారు. బయటి దేశాల్లో కుందేలుకు బదులు ఇట్లాంటి కవర్లతోనే ఈ జాతుల కుక్కలకు పరుగు పోటీలు పెడతారు. పరుగు చివర కవర్ అందకుండా పోతుంది. కుక్క నోరు తెరిచేలోపే విజిల్ ఊది వెనక్కి పిలిచి, ఈసారి మాత్రం కోడి కాలు ముక్క పెడతారు. చివరి పాఠమంతా ఇదే: అందలేదా, తిరిగి రా. గట్టు దగ్గర ఆపడం కూడా ఈ విజిల్‌తోనే. మా వైపు పందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగలు వేస్తారు. వాటికి తగిలి మనుషులే పోతున్నారు, కుక్క ఎంత? పిల్లలున్న ఆడపంది ఎదురు తిరిగితే కుక్క ప్రాణానికే ముప్పు. నన్ను అడిగితే మొరగకపోవడం కన్నా ఈ ఆగడమే ఎక్కువ విలువైన పాఠం.

ఇప్పుడు ఇంటి సంగతి. పందుల విషయంలో చెప్పుకోదగ్గ తేడా. చెవులు నిక్కబొడుచుకుంటుంది, ఒళ్లు వణుకుతుంది, నోరు మాత్రం తెరవదు. చీకట్లో మక్క ఆకులు గలగలలాడుతుంటే అది పోయిందని తెలుస్తుంది. పందులకు కుక్క అరుపే అక్కర్లేదు, మీదికి వస్తున్న చప్పుడు చాలు. మామ ఫారం వైపు నుంచి ఈమధ్య ఫిర్యాదు లేదు. కోతుల దగ్గర మాత్రం సగం పనే అయింది. కోతి చింతచెట్టు ఎక్కి పైనుంచి వెక్కిరిస్తుంటే ఏ కుక్కకైనా ఓపిక పోతుంది. అవి చెట్టెక్కకముందే విజిల్ ఊదాలి. నేను వంటలో ఉంటే ఎవరు ఊదుతారు? ఈ సంగతి సెంటర్‌లో ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఇక లోపాలు. రాకెట్ పిడుదులతో ఇంటికి వచ్చింది. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య. పిడుదుల జ్వరం కుక్కలను చంపేంత పెద్ద జబ్బు, బోర్డింగ్ పెట్టుకున్నవాళ్లు ఈ మాత్రం చూసుకోవద్దా? ఫోన్ చేస్తే "ఎండాకాలం కదా అక్కా" అన్నాడు. అది జవాబు కాదు. షెడ్డుకు రేకులే, పైన గడ్డి కూడా కప్పలేదు. తిండి మాత్రం బాగుంది, మక్క గట్కలో కోడి కాళ్లు ఉడికించి కలిపి పెడతారు. వాట్సాప్‌లో పంపే వీడియోల్లో కుక్క ఎప్పుడూ బుద్ధిమంతుడే. మొరిగిన వీడియో ఒక్కటి కూడా పంపలేదు, అదే పంపితే నాకు ఎక్కువ ఉపయోగపడేది.

ఇంకో సంగతి. మీరు పోకుండా కుక్కను వదిలేసి నెల తర్వాత తెచ్చుకుందామంటే పని కాదు. విజిల్ ఊదే చెయ్యి అతనిదైతే, కుక్క వినేది కూడా అతని మాటే. నేను ఆదివారాలు పోయి నేర్చుకున్నాను, మా ఆయన రాలేదు. ఇప్పుడు రాకెట్ నా విజిల్‌కు తిరిగి వస్తుంది, ఆయన విజిల్‌కు తోక ఊపి ముందుకు పోతుంది.

నెలకు 9,000 తీసుకున్నారు, తిండి అందులోనే. రేబిస్ టీకా కార్డు లేకపోతే గేటు దాటనివ్వరు, అది మంచిదే. మరీ చిన్న పిల్లకుక్కలను పరుగు ట్రైనింగ్‌కు తీసుకోరు, కాళ్లు గట్టిపడాలంటారు. ఎండాకాలంలో పొద్దున తొమ్మిది లోపే మైదానంలో పని అయిపోతుంది కాబట్టి చూడాలనుకుంటే తెల్లారగట్ల బస్సుకే బయలుదేరాలి. పిడుదుల మందు మీరే కొని ఇచ్చి, వేశారా లేదా వారం వారం అడగండి. కోతులే మీ అసలు బాధ అయితే అక్కడిదాకా పోకండి. పందులకైతే పోవచ్చు.